జన్యువు దొరికిందని రాస్తే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

సైన్స్ పేజీ వచ్చిన రోజు నేను ముందు అదే చదువుతాను, అందుకే ఈ ఉత్తరం. 'కోపానికి జన్యువు', 'ఊబకాయానికి జన్యువు' దొరికిందని పెద్ద అక్షరాలతో శీర్షిక పెడతారు, కింద చదివితే ఆ జన్యువు ఒంట్లో ఉంటే ఇక తలరాత రాసేసినట్టే అనిపిస్తుంది. జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే మగ్గిన పండు చుట్టూ ముసిరే ఆ చిన్న ఈగను, అదే డ్రోసోఫిలాను చూడాలి.

దానికి వాసన తెలిసేది తల ముందున్న రెండు యాంటెన్నాల వల్ల, నోటి దగ్గరుండే రెండు చిన్న భాగాల వల్ల. వాటి నిండా సన్నటి నూగు ఉంటుంది, ఒక్కో వెంట్రుకలో ఒకటి నుంచి నాలుగు దాకా నాడీకణాలు. వాసనను పట్టే ప్రోటీన్లను రిసెప్టర్లు అంటారు, వాటిలో ఒక పెద్ద కుటుంబానికి సుమారు 60 జన్యువులు ఉన్నాయి, 1999లో ఇవి బయటపడటం మొదలైంది. ఈ 60 జన్యువులూ ఈగ కాలి కణంలోనూ ఉన్నాయి, రెక్క కణంలోనూ ఉన్నాయి, అయినా కాలు ఈ రిసెప్టర్లతో వాసన చూడదు. యాంటెన్నాలో కూడా ఒక్కో కణం మామూలుగా వాటిలో ఒకదాన్నే ఆన్ చేసుకుంటుంది, తోడుగా ఆర్కో అనే ఇంకొకటి. ఈ ఆర్కో లేకపోతే మిగతా రిసెప్టర్లు ఉండాల్సిన చోటికి చేరలేవు, ఈగకు చాలా వాసనలు తెలియకుండా పోతాయి.

యేల్ యూనివర్సిటీలో జాన్ కార్ల్‌సన్ బృందం చేసిన పని నాకు మరీ ఇష్టం. యాంటెన్నాలో ఒక రకం కణానికి సొంత రిసెప్టర్ లేకుండా చేసి, ఆ ఖాళీ కణంలో ఇంకో రిసెప్టర్ జన్యువును పనిచేయించారు. ఏ జన్యువు పెడితే దానికి తగ్గ వాసనకే ఆ కణం స్పందించింది. 2004లో మలేరియా దోమ జన్యువును కూడా ఇలాగే పెట్టి చూస్తే, మనిషి చెమటలో ఉండే ఒక పదార్థానికి ఈగ కణం స్పందించడం మొదలుపెట్టింది!

ఇక ఆకలి సంగతి. కడుపు మాడిన ఈగ వెనిగర్ వాసన వస్తే తిన్న ఈగ కంటే చురుగ్గా వెతుక్కుంటూ పోతుంది. ఎందుకో 2011లో జింగ్ వాంగ్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. తిండి లేనప్పుడు ఈగ ఒంట్లో ఇన్సులిన్ సంకేతం తగ్గుతుంది, దాంతో వెనిగర్ వాసన పట్టే కణాల్లో ఒక జన్యువు ఎక్కువగా పనిచేసి ఇంకో రకం రిసెప్టర్‌ను (వాసనను కాక, నాడీ సంకేతాన్ని పట్టేదాన్ని) పెంచుతుంది, అప్పుడు అదే వాసనకు మెదడుకు వెళ్లే సంకేతం బలపడుతుంది. అంతకంటే గొప్ప విషయం, కడుపు నిండిన ఈగలో ఆ కణాల వరకే ఈ జన్యువును ఎక్కువగా పనిచేయిస్తే, అదీ ఆకలిగొన్న ఈగలాగే తిండి వెతుకుతూ తిరిగింది. ఈగ డీఎన్‌ఏలో తిండికి ముందు, తర్వాత ఒక్క అక్షరం మారలేదు, మారిందల్లా ఏది ఎంత పనిచేస్తోంది అన్నదే. గంటల్లో మారిపోయేదాన్ని పుట్టుకతో ఖాయమైనదిగా ఎలా రాస్తాం?

సికిల్ సెల్ లాంటి జబ్బుల్లో ఒకే జన్యువులోని లోపం వల్ల ముప్పు వస్తుంది, అది కాదనను. కానీ బరువు, కోపం, నిద్ర చాలావరకు అలాంటివి కావు. తల్లికో తండ్రికో షుగర్ ఉందని, ఈ శీర్షికలు చదివి తమకూ తప్పదని టెన్షన్ పడేవాళ్లు, ఎలాగూ వచ్చేదే కదా అని తిండి విషయంలో చేతులెత్తేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు చదివేది పరిశోధన పత్రం కాదు, మీ వార్తే.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈసారి ఇలాంటి వార్త వేసినప్పుడు ఆ జన్యువు ఏ కణాల్లో, ఏ వయసులో, ఏ పరిస్థితిలో పనిచేస్తున్నట్టు పరిశోధకులు చూశారో ఒక వాక్యం చేర్చండి, చూసింది ఈగలోనా, ఎలుకలోనా, మనిషిలోనా అన్నది శీర్షికలోనే చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు