ఎర్ర గిలక్కాయలు కొన్నవాళ్ళందరికీ

నవంబరు 10 తర్వాత మా షాపులో ఎరుపు రంగువి, గులాబీ రంగువి గిలక్కాయలు గానీ లక్కపిడతల సెట్లు గానీ కొన్నవాళ్ళు దయచేసి వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి. తిరిగి తెచ్చేయండి. బిల్లు అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు, పంటిగాట్లు ఉన్నా ఫరవాలేదు. డబ్బు మొత్తం ఇచ్చేస్తాను. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాది ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునే వాళ్ళకి.

పట్టుకున్నది నేను కాదు, మా మనవడు. వాడికి ఎనిమిదో నెల. కింద రెండు పళ్ళు వస్తున్నాయి, ఏది దొరికితే అది నోట్లోకే. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వాడిని తీసుకుని వచ్చిన మూడో రోజు, కొత్త సరుకులోంచి నేనే ఒక ఎర్ర గిలక్కాయ తీసి వాడి చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. సున్నుండల కోసం మినప్పప్పు వేగుతోంది. పది నిమిషాలకి మా అమ్మాయి కేక. వెళ్ళి చూస్తే వాడి పెదాలు, గడ్డం, మెడ కింద కట్టిన గుడ్డ అన్నీ ఎర్రగా ఉన్నాయి. రక్తం అనుకున్నాం. మా ఆయన ఆటో కోసం చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తారు. వాడు మాత్రం నవ్వుతూ గిలక్కాయ ఆడిస్తున్నాడు. డాక్టరుగారు చూసి, నోరు తుడిచి, "బాబుకేం లేదమ్మా, ఇది రంగు" అన్నారు. ఆ మాటతో వాళ్ళందరి టెన్షన్ తగ్గింది. నాది అక్కడే మొదలైంది.

పాతవాళ్ళకి తెలుసు, మా షాపు మొదలైందే నోట్లో పెట్టుకునే పిల్ల వల్ల. మా అమ్మాయి చిన్నప్పుడు బొమ్మలతో ఆడేది కాదు, వాటిని తినేది. ప్లాస్టిక్ బాతు ముక్కు తినేసింది. రబ్బరు బంతి మీద రంగు మొత్తం గీకేసింది. అప్పుడు ఎవరో చెబితే మా ఆయన తుని మీదుగా బస్సులో వెళ్ళి, అడ్డరోడ్డులో దిగి, లక్క బొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాక నుంచి ఒక గుర్రం బొమ్మ తెచ్చారు. అంకుడు కర్ర. తేలికగా, తెల్లగా, పేళ్ళు లేవకుండా ఉంటుంది. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటి వాటితో రంగులు. మా పిల్ల ఆ గుర్రానికి టింకూ అని పేరు పెట్టి, నెల తిరక్కుండా రెండు చెవులూ కొరికేసింది. చెవులు పోయాయి గానీ గుడ్డకి రంగు అంటలేదు. ఆ ధైర్యంతోనే 1997లో మా వీధి గదిలో అర పెట్టి అమ్మడం మొదలుపెట్టాం.

అప్పటి నుంచి నాదో అలవాటు. ఏ మూట వచ్చినా పదింటికి ఒకటి తీసి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దుతాను. గుడ్డ తెల్లగా ఉంటేనే సరుకు అరలోకి. నవంబరులో వచ్చిన మూటలకి నేను ఆ పని చెయ్యలేదు. అమ్మాయి వస్తోందని ఇల్లు సర్దుకుంటూ రేపు చూద్దాం అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళలో అదొక్కసారి. ఈ తప్పు నాది.

ఇంకో తప్పుంది, అది నాది కాదు. దాని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మాకు మొదటి నుంచీ బొమ్మలు చేసిచ్చే పెద్దాయన ఒకరు ఉన్నారు. ఈ ఏడాది ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. సీజన్‌లో సగం పనే చెయ్యగలనని ముందే చెప్పారు. పైగా 2025 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు కనిపించిన దగ్గర్నుంచి, నాకు ఎన్నడూ ఫోన్ చెయ్యనివాళ్ళు కూడా చేస్తున్నారు. అందుకని ఒక మధ్యవర్తి దగ్గర కొన్నాను. పేరు చెప్పను, ఆయనా ఇదే వ్యాపారం చేసుకుని బతకాలి. ఫోన్లో నాలుగుసార్లు అడిగాను: "ఊళ్ళో చేసిందేనా? రంగులు చెట్టువేనా?" నాలుగుసార్లూ "మీకు నేను వేరే సరుకు ఇస్తానా మేడమ్" అన్నాడు. అది సమాధానం కాదని నాకు అప్పుడే తట్టాలి.

ఆస్పత్రి నుంచి వచ్చాక రాత్రి పదకొండింటికి మూటలు రెండూ హాల్లో పోసి కూర్చున్నాను. పసుపు రంగువి, ఆకుపచ్చవి బాగానే ఉన్నాయి. ఎర్రవాటిని రుద్దితే గుడ్డ పారాణి పెట్టినట్టయింది. ఒక చెంచా బొమ్మని గోటితో గీరితే పెంకులా ఊడింది. అది లక్క కాదు, కుంచెతో కొట్టిన పెయింటు. పొద్దున్నే అతనికి ఫోన్ చేస్తే, "అందరూ ఇలాగే అమ్ముతున్నారు మేడమ్, మీరొక్కరే ఇంత పట్టించుకునేది" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ అర్థం కాలేదు. సరుకు వెనక్కి తీసుకోడట. డబ్బు సగం కూడా ఇవ్వడట. 2017లో ఆ ఊరి బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి పేరుతో అక్కడి సరుకునే అమ్మాలనే జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు మేం షాపులో మిఠాయి పంచాం. ఆ పేరు మా బోర్డు మీద ఉంది. ఆ బోర్డు కింద కూర్చుని ఇతని పెయింటు అమ్మాను. నాకు కాలింది దానికే, డబ్బుకి కాదు.

ఇక నాలుగు రాత్రులు ఇంట్లో నడిచిన గొడవ. అమ్మినవి వెనక్కి తీసుకోవడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. మిగిలిన రెండు వందల పైచిలుకు బొమ్మల్ని ఏం చెయ్యాలన్నదే ప్రశ్న. మా అబ్బాయి తెలివైనవాడు, ఎంబీఏ చదివాడు. "అమ్మా, ఇవి పిల్లలకి వద్దు, సరే. సంక్రాంతి బొమ్మల కొలువుకి అమ్ముదాం. మెట్ల మీద పెట్టేవాటిని ఎవరు నోట్లో పెట్టుకుంటారు? 'అలంకరణకు మాత్రమే' అని స్టిక్కరు వేద్దాం" అన్నాడు. అనడమే కాదు, మర్నాటికి రెండు వందల స్టిక్కర్లు అచ్చు వేయించుకొచ్చాడు. మా ఆయన లెక్కల పుస్తకం తెరిచి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "వాడు చెప్పింది అబద్ధం కాదు కదా" అన్నారు. నిజం చెప్పొద్దూ, రెండో రాత్రికి నేనూ సగం ఒప్పేసుకున్నాను. డబ్బు చిన్నదేం కాదు. ఈ సీజన్ మీదే మాకు ఏడాదిలో సగం గడుస్తుంది.

మూడో రాత్రి మా అబ్బాయి పదకొండో నెల గుర్తొచ్చింది. అప్పుడు మా ఇంట్లో తొమ్మిది మెట్ల కొలువు. మా అత్తగారి పట్టాభిషేకం సెట్టు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బొమ్మలు, కింది మెట్టు మీద మా పిల్ల లక్కపిడతలు. పేరంటాళ్ళు వచ్చే వేళకి నేను శనగలు పొట్లాలు కడుతున్నాను. ఈ మహానుభావుడు పాక్కుంటూ వెళ్ళి, మెట్ల మీద పరిచిన తెల్ల పంచె అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి నిలబడ్డాడు, మేం చప్పట్లు కొట్టే లోపలే కూర్చున్నాడు. పంచెతో పాటు తొమ్మిది మెట్లూ వచ్చేశాయి. హనుమంతుడు సోఫా కిందికి దొర్లాడు, సీతమ్మ చెయ్యి ఇప్పటికీ దొరకలేదు. నడిమధ్యన వీడు లక్క గరిటె చప్పరిస్తూ కూర్చున్నాడు. గుమ్మంలో పక్కింటి పిన్నిగారు కుంకుమభరిణె పట్టుకుని, "అమ్మాయ్, మీ కొలువులో కృష్ణుడు మాత్రం బాగున్నాడే" అన్నారు.

పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగాను, "ఆ రోజు స్టిక్కరు ఉండుంటే చదివేవాడివట్రా?" అని. కాఫీ తాగేదాకా మాట్లాడలేదు. స్టిక్కర్లు తీసుకెళ్ళి డ్రాయరులో పడేశాడు. (ఎవరికైనా పనికొస్తే ఉచితంగా ఇస్తాం.)

ఆ బొమ్మలు అమ్మడం లేదు. ఎవరికీ, ఏ ధరకీ. చవగ్గా ఇవ్వమని ఇద్దరు షాపులవాళ్ళు అప్పుడే అడిగారు. వాళ్ళకి కూడా ఇవ్వను. మెట్ల కింద మూటలుగా ఉన్నాయి. మా ఆయన రోజూ వాటి వైపు చూడకుండా చెప్పులు వేసుకుంటున్నారు. భోగి మంటలో వేసేద్దామని మా అబ్బాయి మొన్న అన్నాడు. మా అమ్మాయి వెంటనే, "నీకు భోగి మంట అనే హక్కు లేదు" అంది. అయిదేళ్ళప్పుడు వీడు, పాత సామాన్లు మంటలో వెయ్యాలని ఎవరో చెబితే, చెవుల్లేని టింకూని తీసుకెళ్ళి వేసేశాడు. అదే అన్నిటికంటే పాతదట. మా అమ్మాయి ఏడ్చిన ఏడుపుకి వాళ్ళ నాన్న పాడె కర్రంత పొడుగు కర్రతో గుర్రాన్ని బయటికి లాగారు. ఒక పక్క డొక్క నల్లబడింది. ముప్ఫై దాటిన వాళ్ళిద్దరూ మొన్న దాని మీద అరగంట పోట్లాడుకున్నారు. ఈ గొడవలో నేను నవ్వింది ఆ అరగంటే. ఆ రంగు కాలిస్తే వచ్చే పొగ మంచిది కాదని భోగి మాట అక్కడే ఆపించాను.

తెలియక 140 అమ్మాం, ఇప్పటికి 57 తిరిగొచ్చాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒక్క మాట అనలేదు. ఒకావిడ మాత్రం "మీరూ అందరిలాగేనా" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. కానీ ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది, దాచడమెందుకు. ఆవిడ మనవరాలి బారసాలకి మొదటి గిలక్కాయ మా దగ్గరే కొన్నారు.

కొలువు కోసం అడ్వాన్సు ఇచ్చిన పదకొండు కుటుంబాలకి విడిగా ఫోన్ చేస్తున్నాను. పెద్దాయన కొడుకు నలభై లక్కపిడతల సెట్లు, కొన్ని గిలక్కాయలు చేసిస్తానన్నారు. అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ అడగలేదు. అడిగితే కంగారులో చేస్తారు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మలు ఈసారి లేవు. సంక్రాంతికి వారం ముందు సరుకు వస్తుంది. వచ్చిన రోజు సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళు, తెల్లగుడ్డ కౌంటరు మీదే పెడతాను. పదింటికి ఒకటి కాదు, మీరు కొనేదాన్ని మీరే రుద్ది చూసుకోండి. గుడ్డలు మా ఆయన పాత పంచెలు చింపి సిద్ధం చేశాను. ఆయనకింకా చెప్పలేదు.

కౌంటరు పక్కన గాజు అరలో చెవుల్లేకుండా, ఒక పక్క మాడిపోయి ఉన్న గుర్రం ఎంత అని ఇప్పటికి చాలామంది అడిగారు. మా మనవడు దాని తోక మొదలుపెట్టాడు. అమ్మకానికి లేదు.