మాల వేసుకునే ముందే మందు తగ్గించాలి

సంపాదకుడు గారికి,

కార్తీకం దగ్గర పడిందంటే పత్రికల భక్తి పేజీల్లో అయ్యప్ప దీక్ష నియమాలు వస్తాయి. నల్లబట్టలు, చన్నీటి స్నానం, నేల పడక, ఒంటిపూట భిక్ష, మద్యమాంసాలు ముట్టకపోవడం. ఈ చివరి నియమం పక్కన ఇంకో వాక్యం కూడా వేయాలని మా మనవి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మాల వేసుకున్న పొద్దునే మందు మొత్తంగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. భవానీ మాల, హనుమాన్ మాల వేసుకునేవారికీ ఇది వర్తిస్తుంది. ఇది చదివి మాల మానుకోమని ఎవరికీ చెప్పడం లేదు. ఆస్పత్రి గడప తొక్కడానికి సిగ్గుపడే మనిషి కూడా మాల కోసం మందు మానేస్తాడు. అంత బలం ఉన్న ఏర్పాటు ఇంకోటి మన దగ్గర లేదు. దానికి ముందు నెలన్నర సిద్ధపడితే చాలు.

ఎందుకు ఇలా అవుతుందో కొంచెం చెప్పాలి. మందు మెదడును మందగింపజేస్తుంది. రోజూ అలా జరుగుతుంటే మెదడు దానికి ఎదురు నిలవడానికి తన వేగాన్ని పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగినా ఆ పెరిగిన వేగం వెంటనే తగ్గదు. చివరిసారి తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి జ్వరం, విపరీతమైన చెమటలు, లేనివి కనిపించడం, వేళా చోటూ తెలియకపోవడం వస్తాయి. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఈ దశలోనే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏటా మాలకు ఒక్కసారిగా మానడం, తీశాక మళ్లీ మొదలుపెట్టడం అలవాటైనవారికి ఒక్కో ఏడూ ఈ బాధ ఎక్కువవుతుంది. పోయినేడు ఏమీ కాలేదన్నది ఈ ఏటికి హామీ కాదు.

2020 మార్చి ఆఖరులో లాక్‌డౌన్‌తో వైన్స్ మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటివారే వరస కట్టారు. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్లను అంత దూరం నెట్టింది జల్సా కోరిక కాదు.

అందరూ నెమ్మదిగా తగ్గించాల్సిన పని లేదు. వారానికి ఒకటి రెండు సిట్టింగులు వేసి, మధ్య రోజుల్లో ముట్టకపోయినా వణుకూ చెమటా లేనివారు మాల రోజే ఆపేయవచ్చు. ఇంకో వైపు, ఇంట్లో తగ్గించుకోకూడనివారూ ఉన్నారు. గతంలో మందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవారు, మతి తప్పినవారు, కామెర్లు లేదా పొట్టలో నీరు ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు, వయసు 60 దాటినవారు, గర్భిణులు, రోజుకు రెండు క్వార్టర్లు మించినవారు, పొద్దున లేవగానే గుక్క పడితే తప్ప చెయ్యి నిలవనివారు, ఇంట్లో ఒంటరిగా ఉండేవారు ముందు డాక్టర్‌ను కలవాలి. జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో చూపించుకుంటే సరిపోతుంది. అవసరమైతే వారం రోజులు వార్డులో పెట్టి, మాత్రలతో వణుకూ ఫిట్సూ రాకుండా చూస్తారు. ఆ మాత్రలనే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఇంట్లో మందుతో పాటు వేసుకుంటే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

మిగిలినవారికి లెక్క ఇదీ. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే క్వార్టర్‌లో అసలు ఆల్కహాల్ సుమారు 61 గ్రాములు. రోజుకు తాగే మొత్తంలో పదో వంతు చొప్పున, నాలుగు రోజులకు ఒకసారి తగ్గించాలి. రోజూ క్వార్టర్ తాగే మనిషి మొదటి నాలుగు రోజులు 162 మి.లీ., తర్వాత నాలుగు రోజులు 144, ఆ తర్వాత 126, 108, 90, అలా 18 దాకా దిగి ఆపేయాలి. తొమ్మిది మెట్లు, 36 రోజులు. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగాల్సి వస్తుంది కాబట్టి, నవంబరు 16, 17 తేదీల్లో మండల దీక్షకు మాల వేసుకునేవారు అక్టోబరు మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. చాలా ఏళ్లు ఆ రోజుల్లోనే దసరా వస్తుంది, ఆ పండగకు మన దగ్గర మందు ఎలా పారుతుందో చెప్పక్కర్లేదు. పండగ అయ్యాక చూద్దాం అనుకుంటే రోజులు చాలవు.

కొలత దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. స్టీలు గ్లాసులో కంటితో చూసి పోసుకుంటే 60 అనుకున్నది 90 అవుతుంది. క్వార్టర్ సీసాలో సగం దగ్గర గీత పెట్టుకున్నా లాభం లేదు, సీసా మెడ సన్నం, అడుగు లోపలికి నొక్కి ఉంటుంది. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత గానీ, సూది లేని 10 మి.లీ. సిరంజి గానీ వాడండి. పొద్దునే ఆ రోజు వాటా కొలిచి ఒక చిన్న సీసాలో పోసి, మిగతాది ఇంట్లో ఇంకొకరి చేతికివ్వాలి. వాళ్లు దాన్ని సింకులో పారబోస్తే అభ్యంతరం చెప్పకూడదు. వారానికని ఫుల్ బాటిల్ తెచ్చుకుంటే ఆ లెక్క రెండో రాత్రికే పోతుంది. బెల్ట్ షాపులో నిలబడి లూజుగా తాగేవారికి ఈ పద్ధతి అసలు పనిచేయదు, ఎంత పోశారో ఎవరికీ తెలియదు. నీళ్లు ఎక్కువ కలుపుకుంటే తగ్గినట్టు కాదన్నది కూడా చెప్పాల్సి వస్తోంది.

బీరుకు మారితే తేలికవుతుందన్నది ఇంకో పొరపాటు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో 8 శాతం వరకు ఉంటుంది. అంటే 41 గ్రాములు. ఒక్క బీరు 120 మి.లీ. విస్కీతో సమానం. క్వార్టర్ మానేసి రెండు బీర్లు తాగుతున్న మనిషి తగ్గించలేదు, 180ని 240కి పెంచాడు. కల్లుకు మారడం మరీ ప్రమాదం. చెట్టు కల్లులో కూడా ఎంత శాతం ఉందో గంట గంటకూ మారుతుంది. ఇక తెలంగాణలో కొన్ని జిల్లాల్లో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనాలు కలిపిన కల్లు దొరుకుతూ వచ్చింది. 2015లో సర్కారు దాడులతో ఆ కల్లు ఒక్కసారిగా ఆగేసరికి తాగేవాళ్లు ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆస్పత్రుల పాలయ్యారు. కల్తీ కల్లు అలవాటున్నవారు సొంతంగా తగ్గించే ప్రయత్నం చేయవద్దు. అక్కడ మానాల్సింది ఒకటి కాదు, రెండు మూడు మత్తులు.

గోడ మీది తేదీల క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో ఎన్ని మి.లీ. అన్నది రాయండి. పక్కనే నిద్ర ఎన్ని గంటలు, పొద్దున నాడి నిమిషానికి ఎంత, వణుకు ఉందా లేదా అన్నవి కూడా. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక కాగితం పెడితే వణుకు తెలిసిపోతుంది. కాగితం అదురుతున్నా, చెమటలు పడుతున్నా, కూర్చుని ఉన్నప్పుడే నాడి 100 దాటుతున్నా వేగం ఎక్కువైందని అర్థం. అప్పుడు కిందికి దిగకుండా అదే కొలత మీద వారం ఆగి, తర్వాత నాలుగు రోజులకు బదులు వారానికి ఒక మెట్టు దిగాలి. పాత కొలతకు ఎగబాకవద్దు. తిన్నాకే తాగాలి, రోజూ ఒకే వేళకు తాగాలి. రెండు రోజుల వాటా దాచి మూడో రోజు ఒకేసారి తాగడం తగ్గించడం కాదు.

తిండి దగ్గర ఒక ముఖ్యమైన సంగతి. ఏళ్ల తరబడి తాగేవారిలో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అది బొత్తిగా లేకపోతే చూపు అదరడం, నడక తూలడం, మతి తప్పడం వస్తాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్లీ రాకపోవచ్చు. మామూలు బి కాంప్లెక్స్ మాత్రలో ఉండేది చాలదు. థయామిన్ 100 మి.గ్రా. మాత్ర రోజుకు ఎన్నిసార్లో డాక్టర్ రాసిస్తారు, తగ్గించడం మొదలుపెట్టిన రోజు నుంచే వేసుకోవాలి. నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే మొదట ఎక్కించేది గ్లూకోజు సెలైన్. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజు ఎక్కితే మిగిలిన కాస్త బి1 కూడా అయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. రోజూ తాగే మనిషి అని చెప్పి, ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వమని అడగాలి. అడగడానికి మొహమాటపడేంత చిన్న విషయం కాదిది.

మాల వేసుకున్నాక మొదటి నాలుగు రోజులు ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. తెల్లవారుజామున చన్నీళ్లు, ఒక పూటే తిండి, సగం నిద్ర, ఇవి మామూలు ఒంటికి పరీక్ష. మందు ఆపిన ఒంటికి ఇంకా కష్టం. వణుకును చలి అనుకుంటారు. రాత్రి లేచి కూర్చుని ఎవరితోనో మాట్లాడితే, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే, దుప్పటి పీకుతుంటే ఇంట్లో మైల జరిగిందనో స్వామి పూనాడనో కొబ్బరికాయలు కొడతారు. ఒంటి మీద చెయ్యి వేసి చూడండి. కాలుతోందా, చెమటకు తడిసిందా, ఇవాళ ఏ వారమో ఏ ఊరిలో ఉన్నాడో చెప్పగలుగుతున్నాడా? చెప్పలేకపోతే పీఠం దగ్గర ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. చికిత్సకు మాల తీయాల్సిన అవసరం లేదు. మాల మెడలో ఉండగానే మాత్రలు, ఇంజెక్షన్లు ఇవ్వవచ్చు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా దూర్చవద్దు, నీళ్లు పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మడిచిన కండువా పెట్టి, ఎంతసేపు ఉందో గడియారం చూడండి. ఒక్కసారి వచ్చి తగ్గిపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల్లో మళ్లీ రావచ్చు.

గురుస్వాములకు ఒక విన్నపం. మెడలో మాల వేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఆఖరిసారి ఎప్పుడు తాగావు, మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. నిన్న రాత్రే తాగానని అంటే తిట్టకండి. తిడితే వచ్చే ఏడు అబద్ధం చెబుతాడు. లెక్క ప్రకారం తగ్గించుకుని రమ్మని చెప్పి అది పూర్తయ్యే రోజుకు ముహూర్తం పెట్టండి. ఈ మధ్య మండలం పూర్తిగా చేయకుండా ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మాల వేసుకునేవారు పెరిగారు. శాస్త్రం సంగతి పెద్దలు చూసుకుంటారు గానీ, రోజూ తాగేవారికి ఇది మహా చెడ్డ లెక్క. ఫిట్స్ వచ్చే రెండు రోజులూ సరిగ్గా రైల్లోనో, పంబ నుంచి సన్నిధానానికి ఎక్కే దారిలోనో పడతాయి.

మాల తీసిన రోజు పార్టీ గురించి కూడా రాయాలి. 41 రోజులు ముట్టని ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. పాత క్వార్టర్ ఇప్పుడు ఒకేసారి తాగితే స్పృహ తప్పి, వెల్లకిలా పడుకుని, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోవచ్చు. అలా పడిపోయినవారిని నిద్రపోనిద్దాంలే అని వదలకుండా పక్కకు తిప్పి, పక్కనే ఒకరు ఉండాలి. పిలిచినా గిల్లినా లేవకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నిజానికి మందు పూర్తిగా మానడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. కష్టమైన దశ ఎప్పుడో దాటిపోయింది. ఇరుముడి కట్టే వారంలోనే డాక్టర్‌ను కలిస్తే తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి రాస్తారు. వీటికి నిద్ర మాత్రల్లాంటి అలవాటు ఉండదు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవారు నాల్ట్రెక్సోన్ వేసుకోకూడదు, ఆ సంగతి ముందే చెప్పాలి. రోజూ తాగి వణుకు దాకా వెళ్లిన మనిషి ‘ఇక మీదట ఆదివారం ఒక్క పెగ్గే’ అనుకుంటే అది నిలబడటం చాలా అరుదు.

చివరగా మీ పత్రికతో సహా అందరికీ. ‘తాగేవారికి తెలియకుండా మాన్పించబడును’ అనే ప్రకటనలు ఆటోల వెనకా, చిన్న ప్రకటనల పేజీల్లోనూ కనిపిస్తుంటాయి. ఆ పొడిలో ఏముందో కొన్నవారికి తెలియదు. డైసల్ఫిరాం అనే మాత్రను మజ్జిగలోనో పప్పులోనో కలిపి పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్న మనిషి చనిపోవచ్చు. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. ఆఖరి గుక్క తర్వాత కనీసం 12 గంటలు గడిచాక, పరీక్షలు చేసి, తాగే మనిషికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇవ్వాల్సిన మాత్ర అది. అలాంటి ప్రకటనలకు చోటివ్వడం ఆపి, దీక్ష నియమాలు వేసే పెట్టెలో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 అచ్చు వేయండి. రెంటికీ ఫోన్ ఉచితం.

ఇట్లు,
ప్రభుత్వాసుపత్రి డీ అడిక్షన్ వార్డులో పనిచేసే కొందరు నర్సులు, కౌన్సిలర్లు