నీకు ఈత వచ్చునని ఎన్నడూ చెప్పలేదు

తెనాలి,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైనా జవాబు రాయనందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పులు మామూలే, పై వాటా ఇంకా అద్దెకు పోలేదు. క్షేమమని అలవాటు కొద్దీ రాశాను కానీ, అది నిజం కాదు.

కిందటి నెలలో మా అమ్మాయి స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. 12 ఉండవలసిన హిమోగ్లోబిన్ 8 ఉందన్నారు. మూడు నెలలుగా నెలసరి కూడా రాలేదట. సెమిస్టర్ పరీక్షల ఒత్తిడి అనుకుని వాళ్ళమ్మ ఊరుకుంది. తిండి చాలనప్పుడు శరీరం ముందుగా ఆపేసే పనుల్లో అదొకటని డాక్టరు గారు చెప్పాక అడిగితే, నాలుగు నెలలుగా మధ్యాహ్నం క్యారేజీ మొత్తం కాలేజీ వెనక కుక్కలకు పెడుతున్నట్లు బయటపడింది. ఇదివరకు మూత తీస్తే ఆవకాయ నూనె వాసన గుప్పుమనేది. ఈమధ్య గిన్నెలు తళతళలాడుతూ వస్తుంటే, పిల్లకు పని అబ్బిందని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కాలేజీలో ఎవరో ఏడిపించి ఉంటారనుకుని తగవుకు సిద్ధమయ్యాను. రూపాన్ని బట్టి వేధించడం కూడా ర్యాగింగేనని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2016లోనే నిబంధనల్లో చేర్చింది కనుక, ఫిర్యాదు కాగితం కూడా రాసుకున్నాను. అమ్మాయి గోడవైపు చూస్తూ, "సంక్రాంతినాడు అందరి ముందూ అన్నది నువ్వే కదా నాన్నా" అంది.

ఆరోజు అది ఓణీ వేసుకుని వాకిట్లోకి వస్తుంటే, "అందరి గొబ్బెమ్మల మీదా గుమ్మడిపువ్వే, మా ఇంట్లో గుమ్మడికాయే నడిచి వస్తోంది" అన్నాను. చుట్టాలందరూ నవ్వారు, అదీ నవ్వింది. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా చున్నీ ఎందుకంత నిండుగా కప్పుకుంటోందో నాకు తట్టనే లేదు. ఇందులో ముద్దాయిని నేనే.

ఇది నీకే ఎందుకు రాస్తున్నానో గ్రహించే ఉంటావు. హాస్టల్లో నీకు రోడ్డు రోలరని పేరు పెట్టింది నేను. మేమంతా కాలువలో దూకుతుంటే నువ్వు చొక్కా విప్పకుండా గట్టు మీద మా బట్టలకు కాపలా కూర్చునేవాడివి, ఈత రాదనుకున్నాము. చిన్నప్పుడు మీ ఊరి చెరువును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదేవాడివని మొన్న ఫోనులో చెల్లెమ్మ మాటల సందర్భంలో చెప్పింది. మూడేళ్ళు ఒకే గదిలో ఉండి కూడా నాకు... సరే, ఆ సంగతి తరువాత.

డాక్టరు గారు మందుల చీటీ వెనక, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చారు. ఆ చీటీ అమ్మాయి దిండు కింద కనిపించింది; ఫోను చేసిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. తప్పయిపోయిందమ్మా అంటే "పర్వాలేదు నాన్నా" అని నవ్వింది, అచ్చం నువ్వు నవ్వినట్టే. నిన్న నా ఎదురుగా రెండు ఇడ్లీలు తిని, నేను లెక్కపెడుతున్నానని గమనించి మూడోది వదిలేసింది.

ఐదింటికి కౌన్సెలర్ గారి దగ్గరికి వెళ్ళాలి, తండ్రిని కూడా రమ్మన్నారు. ఆటో వచ్చింది. కాలువ గట్టు గురించి నీతో అనవలసిన మాట ఒకటుంది, అది

నీ
పుల్లట్టు