వరుసలో నిలబెడితే ఆట రాదు

సంపాదకులకు,

వేసవి శిబిరాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేందుకు ముందుకొచ్చే యువకులు బాగా ఆడేవాళ్లే. కానీ ఆడటం వేరు, నేర్పడం వేరు. శిబిరానికి ముందే వారికి కనీసం 2 రోజులు మైదానంలో తర్ఫీదు ఇవ్వాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు వరుస. 10 మంది నిలబడి ఒక్కొక్కరు అర నిమిషం తీసుకుంటే, పిల్లవాడికి బంతి అందేది 5 నిమిషాలకోసారి! ఇద్దరికో బంతి ఇవ్వాలి. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీసి అటు నలుగురు, ఇటు నలుగురుతో ఆడించాలి. 8 ఏళ్లలోపు వారికి 3వ సైజు బంతి, 12 వరకు 4వది, ఆపైన 5వది. బరువైన బంతినిస్తే పసివాళ్లు బొటనవేలితో పొడుస్తారు, ఆ అలవాటు తర్వాత ఓ పట్టాన పోదు.

మే నెలలో మన హనుమకొండలో ఎనిమిదిన్నరకే ఎండ మాడ్చేస్తుంది. ఆరింటికే మొదలుపెట్టి, పావుగంటకోసారి నీళ్లు తాగించాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు కళ్లు తిరుగుతున్నాయన్నా, వాంతి చేసుకున్నా ఆట ఆపించి వెంటనే డాక్టరుకు చూపించాలి. కదిలే గోల్‌పోస్టుల వెనుక కడ్డీపై ఇసుక బస్తాలు వేయనిదే బంతి బయటికి తీయొద్దు. పిల్లలు వేలాడితే ఆ గోల్‌పోస్టులు మీద పడతాయి.

— ఫుట్‌బాల్ శిక్షకులు, హనుమకొండ