చిట్టికి, గురువారం ఆట సంగతి

ఎడిసన్, న్యూజెర్సీ
2025 జూన్ 14

చిట్టీ,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకు. వాట్సాప్‌లో నేను పది లైన్లు రాస్తే నువ్వు బొటనవేలు పంపిస్తున్నావు. బొటనవేలికి ఏం జవాబు రాయాలో నాకు తెలీడం లేదు. కాగితమైతే చివరిదాకా చదువుతావని ఆశ. తెలుగు మర్చిపోయానని మాత్రం అనకు, ఆదివారాలు ఏడ్చుకుంటూ అయినా నేర్చుకున్నావు కదా.

ఇక్కడ కొత్త విశేషాలేం లేవు. కుండీల్లో గోంగూర బాగానే వచ్చింది, సగం కుందేళ్ళ పాలైంది. నాన్న మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి బేస్‌మెంట్‌లో ఆయనకి పనులు ఎక్కువయ్యాయి. సుబ్బు మామయ్య వాళ్ళు ఆగస్టులో వస్తామంటున్నారు, టికెట్లు ఇంకా తీసుకోలేదు, వాడి సంగతి నీకు తెలిసిందేగా. నీ గొంతు విని ఐదు వారాలైంది. లెక్క పెట్టుకుని కూర్చున్నానని కాదు, మాటవరసకి రాశాను.

అసలు నేను రాద్దామనుకున్నది మా గురువారం ఆట గురించి. "అమ్మ పేకాటకి వెళ్ళింది" అని నువ్వు అందరికీ చెప్తావు. మాగాణి మూడెకరాలు ముక్కల మీద పోగొట్టిన వంశం మనది, అందుకే మీ అమ్మమ్మ నన్ను పచ్చీసు గవ్వల దగ్గర తప్ప ఇంకే ఆట దగ్గరా కూర్చోనివ్వలేదు. ఇది మాజాంగ్, బిళ్ళలతో ఆడే చైనా ఆట. అందులోనూ అమెరికా మాజాంగ్. మా వీధి చివర ఉండే చైనా ఆవిడ ఒకసారి వచ్చి చూసి, ఈ జోకర్లేమిటి, ఈ కార్డేమిటి, ఇది మా ఆట కాదు అని నవ్వి వెళ్ళిపోయింది. ఆవిడన్నదీ నిజమే. చైనా నుంచి 1920ల్లో ఇక్కడికి వచ్చాక వీళ్ళు దాన్ని తమ చేతికి తగ్గట్టు మార్చుకున్నారు. 1937లో న్యూయార్క్‌లో కొందరు ఆడవాళ్ళు కూర్చుని నేషనల్ మాజాంగ్ లీగ్ అని పెట్టి రూల్స్ ఖాయం చేశారు. అప్పట్నుంచి ఏటా వసంతంలో లీగ్ కొత్త కార్డు వేస్తుంది. గెలవాలంటే చేతిలో ఏ టైల్స్, అంటే ఏ బిళ్ళలు, కుదరాలో అంతా ఆ కార్డులో ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే మన ఉగాది పంచాంగం కోసం చూసినట్టు వీళ్ళు కార్డు కోసం చూస్తారు. పోయినేడాది కష్టపడి బట్టీ పట్టిందంతా వృథా. నేను పెద్ద అక్షరాలది తెప్పించుకుంటున్నాను. కళ్ళజోడు మార్చుకోమని నువ్వు చెప్పకముందే చెప్తున్నా, మార్చుకున్నాను.

టైల్స్ మొత్తం 152. మాతో ఆడే ఫ్లోరెన్స్ వాళ్ళమ్మ సెట్టు తెస్తే చూడాలి నువ్వు, బేకలైట్‌వి, పాతబడి వెన్న కాచినప్పుడు అంచుల్లో వచ్చే రంగుకి తిరిగాయి. అప్పటి సెట్లలో జోకర్లు సరిపోవు, అందుకని పువ్వుల టైల్స్ మీద జోకర్ స్టిక్కర్లు అంటించుకున్నారు. ఒకదానికి స్టిక్కర్ మూల లేచిపోయి కింద నీలం పువ్వు రేక కనిపిస్తుంటుంది. అది ఎవరి చేతిలో ఉందో వేలితో గోకే అలవాటుని బట్టి అందరికీ తెలిసిపోతుంది. నలుగురం టైల్స్ బోర్లించి కలిపేటప్పుడు ఆ చప్పుడు అచ్చం తెనాలిలో అరుగు మీద గవ్వలు గలగలలాడించినట్టే ఉంటుంది. నేను ఈ ఆటలో పడింది ఆ చప్పుడుకే అనుకుంటా.

నలుగురి ముందూ పందొమ్మిదేసి టైల్స్ పొడవున రెండు వరసల ఎత్తులో గోడ కడతాం. పంచుకున్నాక చార్లెస్టన్. అంటే పనికిరాని టైల్స్ మూడేసి చొప్పున కుడివైపు వాళ్ళకి, తర్వాత ఎదుటివాళ్ళకి, తర్వాత ఎడమవైపు వాళ్ళకి ఇవ్వాలి. ఇది అందరూ చేయాల్సిందే. జోకర్ మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. మూడోసారి ఇచ్చేటప్పుడు చేతిలో ఇవ్వడానికేం లేకపోతే, అవతలివాళ్ళు నీకిచ్చిన వాటినే చూడకుండా పక్కకి తోసేయొచ్చు. దాన్ని బ్లైండ్ పాస్ అంటారు. నీ ఏడో క్లాసు ప్రోగ్రెస్ రిపోర్టు గుర్తొచ్చింది నాకు. కవరు విప్పకుండా నాన్న ఆఫీసు బ్యాగులో పెట్టేసి నిద్రపోయావు చూడు, అది బ్లైండ్ పాస్.

రెండో చార్లెస్టన్ మాత్రం ఇష్టమైతేనే. నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది. ఎందుకు ఆపావని అడగకూడదు, మొహం కూడా మాడ్చుకోకూడదు. ఆపినావిడ చేయి బాగుందేమో, బాగా లేక ఏం చేయాలో తోచట్లేదేమో, అది ఆవిడ సొంత విషయం. ఇది నాకు మొదట్లో చాలా కష్టంగా ఉండేది. అడక్కుండా ఎలా ఉంటారు మనుషులు? ఇప్పటికీ లోపల అనుకుంటూనే ఉంటాను, పైకి అననంతే. నేర్చుకున్నానని చెప్పడానికే రాస్తున్నా.

ఇక టేబుల్ మర్యాదలు. బార్బరా ఇంట్లో ఆడతాం కాబట్టి బార్బరా చెప్పిందే చట్టం. టైల్ కింద పెడుతూ దాని పేరు పైకి చెప్పాలి. కావాల్సినవాళ్ళు వెంటనే అడగాలి. తర్వాతి మనిషి గోడలోంచి టైల్ తీసి తన టైల్స్ నిలబెట్టుకునే ర్యాక్‌లో పెట్టేసుకుందంటే ఇక అంతే, నోరు మూసుకోవాలి. వంతు రాకుండా గోడ మీద చేయి వేయకూడదు. "అయ్యో, అది నాకు కావాల్సిందే!" అని నిట్టూర్చకూడదు, దాంతో నీ చేతిలో ఏముందో ఊరందరికీ తెలిసిపోతుంది. ఓడిపోయాక "నువ్వు ఆ డ్రాగన్ టైల్ వెయ్యకుండా ఉండాల్సింది" అని పక్కవాళ్ళకి పాఠాలు చెప్పకూడదు. మాలో ఇంకో తెలుగావిడ రాజీకి ఇది చెప్పీ చెప్పీ బార్బరా నోరు పోయింది. ఫోన్లు సంచీల్లోనే ఉండాలి. నాది మాత్రం ఒళ్ళో పెట్టుకుంటాను, నువ్వు చేస్తావేమోనని. అంచేత నాకొక్కదానికీ మినహాయింపు.

తిండి ఇంకో పెద్ద కథ. నేను మొదటిసారి చేగోడీలు చేసి తీసుకెళ్ళాను. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. అరగంటకి టైల్స్ మీద జిడ్డు వేలిముద్రలు. బార్బరా ఏమీ అనలేదు, లేచి లోపలికెళ్ళి టేకవుట్ డబ్బాలతో వచ్చిన చాప్‌స్టిక్స్ తెచ్చి అందరి ముందూ పెట్టింది. అప్పట్నుంచి మా ఇంటి చేగోడీలు చాప్‌స్టిక్స్‌తోనే తింటున్నారు. ఫ్లోరెన్స్‌కి 84 ఏళ్ళు, ఆ పుల్లని చేగోడీ చిల్లులోంచి దూర్చి ఎత్తుతుంది, ఒక్కటీ జారదు.

ఇంకో రూలుంది, అది మా ఇద్దరి కోసమే పెట్టారు. ఆట నడుస్తుండగా టేబుల్ దగ్గర తెలుగు మాట్లాడకూడదు. తప్పు పట్టడానికి లేదు, ఇద్దరం తెలుగులో చేతిలో టైల్స్ చెప్పేసుకుంటే వాళ్ళకేం తెలుస్తుంది? రెండేళ్ళుగా నేనూ రాజీ ఒక్క మాట మాట్లాడలేదు.

మొన్న గురువారం రాజీ మాట్లాడింది. ఆ రోజు నా చేయి చాలా బాగుంది. మూడు జోకర్లు. మొహంలో కనపడకుండా అప్పడం నంచుకుంటున్నదానిలా కూర్చున్నాను. ఇంకొక్క టైల్ వస్తే మాజాంగే, అంటే గెలుపే. నా వంతు వచ్చింది, గోడలోంచి తీశాను, నాలుగు క్రాక్, నాకు పనికిరాదు. (క్రాక్, బ్యామ్ అంటే టైల్స్‌లో రకాలు, పేకలో ఆటీను, ఇస్పేటు లాగా.) వేసేద్దామని చేయి చాపాను. సరిగ్గా అప్పుడు రాజీ, తన టైల్స్ సర్దుకుంటూ, తలెత్తకుండా, "అవునూ, చిట్టి మార్చిలోనే ఉద్యోగం మానేసిందటగా, మా కార్తీక్ చెప్పాడు" అంది. తెలుగులో. ఏదో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినట్టు.

నేను టైల్ కింద పెడుతూ "నాలుగు బ్యామ్" అన్నాను.

ఫ్లోరెన్స్ "మాజాంగ్!" అని చేతులు చరిచింది. ర్యాక్ మీద టైల్స్ పరిచేసింది. ఆవిడకి నిజంగానే నాలుగు బ్యామ్ కావాలి పాపం. తీరా చూస్తే బల్ల మీద ఉన్నది క్రాక్. అంతా నిశ్శబ్దం. బార్బరా కళ్ళజోడు పెట్టుకుని రూలు తీసింది. టైల్ పేరు తప్పు చెప్పి, దాని మీద ఎవరైనా మాజాంగ్ అంటే ఆట అక్కడితో బంద్, తప్పు చెప్పినవాళ్ళు ఆ చేతి విలువకి నాలుగింతలు కట్టాలి, మిగతా ఇద్దరికీ ఏమీ లేదు. ఫ్లోరెన్స్ చేయి పాతిక సెంట్లది. డాలరు కట్టాను. నిజంగానే బ్యామ్ వేసి ఉంటే అర డాలరుతో పోయేది. నాలుగు క్వార్టర్లు లెక్కపెట్టి ఇస్తుంటే చేయి వణికింది. డాలరు కోసం కాదులే.

"ఆవిడ నీతో ఏమంది?" అని బార్బరా అడిగింది. ఆవకాయకి కారం ఎక్కడ దొరుకుతుందని అడిగిందని చెప్పాను. 62 ఏళ్ళొచ్చి ఆవకాయ మీద అబద్ధం ఆడాను. రాజీ మొహం చిన్నబోయింది, నాకు తెలుసనుకుందట. నాకూ తెలిసినట్టే తలూపాను. తలూపడం తప్ప ఏం చేస్తాను? కన్నతల్లికి తెలీదని వాళ్ళతో చెప్పనా?

ఫ్లోరెన్స్ నా డాలరు తిరిగి ఇవ్వలేదు. రూలు రూలే అని పర్సులో వేసుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం కారు దాకా వచ్చి, తను చేసిన రుగెలాఖ్ అనే తీపి చుట్టల డబ్బా నా సంచీలో పెట్టి, "ఇది మీ అమ్మాయికి" అంది. అమ్మాయి అన్న మాట నేను ఇంగ్లీషులో అనలేదు, రాజీ కూడా అనలేదు. చిట్టి అన్నది పేరని ఎలా పట్టుకుందో మరి. వాళ్ళమ్మ వేసవిలో క్యాట్‌స్కిల్స్ కొండల్లో బంగళాల దగ్గర మాజాంగ్ ఆడుతుంటే, ఫ్లోరెన్స్ బల్ల కింద కూర్చుని పెద్దవాళ్ళ మాటలన్నీ వినేదట. ఆ చెవులు అవి.

నేనేమీ అడగడం లేదు చిట్టీ. కార్తీక్ చెప్పింది తప్పై ఉండొచ్చు, వాళ్ళింట్లో ఏ వార్తా సరిగ్గా చేరదు, రాజీ మరిదికి గుండెపోటన్నది చివరికి గ్యాసని తేలింది. కానీ ఒకవేళ, ఎవరికైనా, ఉద్యోగం మారే మధ్యలో ఇన్సూరెన్స్ లేకపోతే, కోబ్రా అని ఒకటుంటుంది. పాత ఇన్సూరెన్సే 18 నెలలు నడుపుకోవచ్చు, డబ్బు మాత్రం ఎక్కువే కట్టాలి. కావాలని చెప్పడానికి 60 రోజులు గడువు. ఇన్సూరెన్స్ ఆగిన రోజు, నోటీసు ఇచ్చిన రోజు, ఈ రెంటిలో ఏది తర్వాత అయితే అక్కణ్ణుంచి లెక్క. నాన్న ప్రింట్ తీశారు, ఇందులో పెట్టాను. నీకు 26 దాటకపోతే మా దాంట్లోనే ఉండేదానివి. కాగితాలు పారేయకు. నీకు కవర్లు విప్పే అలవాటు లేదు, అన్నీ విప్పు.

పొద్దున్నే ఏదైనా తిను. కాఫీ తిండి కాదు. చేతిలో టైల్స్ లెక్క తప్పితే, ఒకటి ఎక్కువైనా ఒకటి తక్కువైనా, ఆ చేయి చచ్చినట్టే అంటారు ఈ ఆటలో. అయినా కుర్చీలోంచి లేచిపోరు. గెలిచినవాళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చి, పావుగంటలో మళ్ళీ గోడ కట్టడానికి అందరితో పాటు చేతులు వేస్తారు. నువ్వు చిన్నప్పుడు అష్టాచెమ్మాలో ఓడితే మంచం కిందకి వెళ్ళిపోయేదానివి. అన్నం వేళకి కూడా వచ్చేదానివి కాదు. నేను కంచం కిందకే తోసేదాన్ని. సరే, లెక్చర్ మొదలుపెట్టానని నాకే తెలుస్తోంది, ఆపుతున్నా.

రాజీ జులైలో ఇండియా వెళ్తోంది, నెల్లాళ్ళు. మా టేబుల్‌కి మనిషి తక్కువ. ముగ్గురితో ఆడొచ్చు గానీ చార్లెస్టన్ ఉండదు, బార్బరాకి ముగ్గురి ఆటంటే మొహం మొత్తుతుంది. నీకు కుదిరితే చూడు. కుదరకపోతే కుదరదని చెప్పు, ఎందుకని అడగను. ఈ ఏటి కార్డు ఇంకొకటి కొన్నాను, మామూలు అక్షరాలది, నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. కవర్లో పెట్టాను. మొదటి వరసంతా 2025 అంకెల మీద ఉంటుంది, సున్నా కావాల్సిన చోట తెల్ల డ్రాగన్ పెట్టుకోవాలి, దాన్ని వీళ్ళు సోప్ అంటారు. కార్డులో సింగిల్స్ అండ్ పెయిర్స్ అనే వరస జోలికి మొదట్లోనే వెళ్ళకు, అక్కడ జోకర్ పనికిరాదు.

కార్డు మడతలో చెక్కు ఉంది. అది కూరగాయలకి. నాన్నకి తెలుసు, తెలీనట్టు ఉంటారు, నువ్వూ అలాగే ఉండు. రుగెలాఖ్ ఫ్రీజర్‌లో పెట్టాను, పైన నీ పేరు రాసి. నాన్న అప్పటికే రెండు తిన్నారు.

రేపు కాక వచ్చే ఆదివారం మీ టైము పదింటికి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పదకొండుకి చేస్తాను.

అమ్మ