నెపోలియన్ గెలిచిన ఊరి నుంచి బాజీరావుకి ఓటు

ఉల్మ్, జర్మనీ

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ పంపిన కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి చుక్క నూనె కారకుండా వచ్చాయి. చిన్నదానికి దగ్గు పూర్తిగా తగ్గింది, బడికి వెళ్తోంది. అమ్మను టెన్షన్ పడొద్దని చెప్పండి.

మొన్న ఆదివారం ఫోన్లో మన వాదన మధ్యలోనే ఆగిపోయింది. చరిత్రలో అందరికంటే గొప్ప సేనాపతి ఎవరంటే మీరు నెపోలియన్ అన్నారు. తమ్ముడు అలెగ్జాండర్ అన్నాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఇక ఎవరి మాటా వినలేదు. పెదనాన్నేమో 1971 యుద్ధంలో మన సేనాని సగత్ సింగ్ పేరు చెప్పారు. నేను మరాఠా పేష్వా బాజీరావు అనగానే ముగ్గురూ ఒకేసారి మీద పడ్డారు. "హైదరాబాద్ లంగర్‌హౌస్‌లో పుట్టి పెరిగి, నిజాంను ఓడించినవాడికి ఓటేస్తావా" అని పెదనాన్న నిలదీశారు. సిగ్నల్ సరిగా లేక సగం మాటలు మీకు చేరనేలేదు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ నెపోలియన్ సంగతి. ఆయన గొప్పతనాన్ని నేను కాదనను, ఉల్మ్‌లో ఉంటూ ఎలా కాదంటాను? 1805లో ఆస్ట్రియా సేనాని మాక్ తన సైన్యంతో ఈ ఊళ్లోనే దిగాడు. ఫ్రెంచివాళ్లు పడమటి వైపు నుంచి, బ్లాక్ ఫారెస్ట్ కనుమల్లోంచి వస్తారని కాచుకుని కూర్చున్నాడు. నెపోలియన్ ఆ కనుమల దగ్గర తన సేనాని మ్యూరా గుర్రపు దళాన్ని అటూ ఇటూ తిప్పి, అతను అనుకున్నదే నిజమని నమ్మించాడు. అసలు సైన్యం ఉత్తరంగా చుట్టు తిరిగి వచ్చి, మాక్ వెనకాల డాన్యూబ్ నది దాటేసింది. వియన్నా దారి మూసుకుపోయింది. సాయానికి రావలసిన రష్యన్లు ఇంకా చాలా దూరంలో ఉన్నారు. అక్టోబర్ 20న పాతిక వేల మంది దాకా ఆస్ట్రియన్ సైనికులు కోట బయటికి వచ్చి ఆయుధాలు కింద పెట్టారు.

మధ్యలో జరిగిన పోరాటాల్లో ఎల్షింగెన్‌దే పెద్దది. సెలవు రోజుల్లో మేము నది గట్టు వెంబడి సైకిళ్ల మీద అక్కడికి వెళ్తుంటాం. నది పక్కన చదును నేల, ఆ వెంటనే గుట్ట, గుట్ట నెత్తిన పాత మఠం తాలూకు చర్చి. వంతెన దగ్గర నిలబడి తల పైకెత్తితే, పైనున్నవాడికి కిందివాడు ఎంత స్పష్టంగా కనపడతాడో అర్థమవుతుంది. అక్టోబర్ 14న ఫ్రెంచి మార్షల్ నే (Ney) మనుషులు పైనుంచి తూటాలు పడుతుంటే చెడిపోయిన వంతెన మీద పలకలు వేసుకుని నది దాటారు. దాటి, ఆ గుట్ట ఎక్కారు. ఖాళీ చేతులతో ఎక్కుతుంటేనే మోకాళ్లు పట్టేస్తాయి నాన్నా. వాళ్ల భుజాల మీద తుపాకీ, సామాను, కాళ్ల కింద వానకు నానిన బురద. మార్షల్ నేకు తర్వాత ఎల్షింగెన్ డ్యూక్ అనే బిరుదు ఇచ్చారు. ఆ గుట్టను చూశాక, ఇవ్వడం న్యాయమే అనిపించింది.

ఆ ఏడాది నెపోలియన్‌కు సాటి ఎవరూ లేరు, ఒప్పుకుంటాను. కానీ అదే మనిషి 1812లో నాలుగు లక్షల పైచిలుకు జనాన్ని రష్యాకు తీసుకెళ్లాడు. "చలి చంపింది" అని మీరు ప్రతిసారీ అంటారు. చలి రాకముందే, ఎండాకాలంలోనే, మేత లేక గుర్రాలు, రోగాలతో మనుషులు దారి పొడవునా రాలిపోయారు. మాస్కో చేరేసరికే బయల్దేరిన సైన్యంలో పెద్ద భాగం లేదు. ఉల్మ్‌లో శత్రువుకు దారులు మూసిన మనిషి, రష్యాలో తన సొంత సైన్యం ఏం తింటుందో చూసుకోలేకపోయాడు. నేను సేనాపతిని కొలిచేది అక్కడే. ఎదుటివాడి తిండీ నీళ్లూ దారీ తన గుప్పిట్లో పెట్టుకుని, తన మనుషుల్ని వీలైనంత ఎక్కువమందిని ఇంటికి తెచ్చుకోగలిగాడా లేదా?

దీనికి ఉదాహరణ కోసం పారిస్ దాకా పోనక్కర్లేదు, మన ఇంటి మేడ ఎక్కితే చాలు. ఔరంగజేబు 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులు ఎన్ని పేల్చినా గోడ లొంగలేదు. గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెడితే, అది పేలి మొగలు సైనికులే చచ్చారు. వానలు, కరువు, రోగాలు కోట బయట ఉన్నవాళ్లనే ఎక్కువ పీడించాయి. చివరికి కోట ఎలా పడింది? లోపలివాడికి లంచమిచ్చి తలుపు తీయించారు. ఆ రాత్రి అబ్దుల్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో చివరిదాకా పోరాడాడు. ఆ గాయాలు మాన్పమని ఔరంగజేబే తన వైద్యుల్ని పంపాడు. అంత పెద్ద సైన్యం, అంత ఖజానా ఉండి, గెలుపు ఒక ద్రోహి చేతిలో ఉందంటే ఆయన్ను నేను గొప్ప చక్రవర్తి అంటానేమో గానీ గొప్ప సేనాపతి అనను.

ఆ ముట్టడిలోనే ఖ్వాజా ఆబిద్ అనే సర్దారు చేతికి ఫిరంగి గుండు తగిలింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడని చెబుతారు. ఆ గాయంతోనే పోయాడు. కిస్మత్‌పూర్‌లో, హిమాయత్‌సాగర్ దగ్గర, ఆయన సమాధి ఉంది. ఆయన మనవడే మన మొదటి నిజాం, నిజాం-ఉల్-ముల్క్. తండ్రి ఫిరోజ్ జంగ్ కూడా గోల్కొండ ముట్టడిలో ఉన్నాడు. అంటే నిజాంకు యుద్ధం తాతల నాటి విద్య. 1724లో షకర్‌ఖేడాలో ముబారిజ్ ఖాన్‌ను చంపి దక్కన్‌ను చేతిలోకి తెచ్చుకున్నవాడు. పెదనాన్న అడిగినదానికి నా జవాబు ఇదే. నిజాం ఎంతటివాడో తెలిసిన ఊరివాళ్లం కాబట్టే, ఆయన్ను చిక్కించుకున్నవాడు ఎంతటివాడో మనకు ఇంకా బాగా తెలియాలి.

1728 నాటికి బాజీరావుకు ఇరవై ఏడేళ్లు, నిజాంకు యాభై ఆరు. దక్కన్ చౌత్, అంటే ఆదాయంలో నాలుగో వంతు, ఏ మరాఠా రాజుకు కట్టాలన్న తగాదాలో నిజాం కొల్హాపూర్ శంభాజీ పక్షం పట్టి, బాజీరావు కొలిచే రాజు షాహూ మీదికి వచ్చి పుణె పట్టుకున్నాడు. ఇంకెవరైనా అయితే పుణె కాపాడుకోవడానికి పరిగెత్తేవాళ్లు. బాజీరావు అటు తిరిగి కూడా చూడలేదు. నిజాం సొంత ఇలాకాలో దిగాడు, జాల్నా వైపు కొట్టాడు, బుర్హాన్‌పూర్ మీద పడతాడన్నట్టు బెదిరించాడు, అక్కణ్ణుంచి గుజరాత్ పోయాడు. ఫిరంగులు లేవు, గుడారాల బరువు లేదు, ఉన్నదంతా గుర్రాలు. చివరికి ఔరంగాబాద్ వైపు తిరిగేసరికి నిజాంకు పుణె వదలక తప్పలేదు. తరమడానికి వేగం కావాలి, వేగం కోసం బరువైన ఫిరంగులను వెనక వదిలేశాడు. బాజీరావుకు కావలసిందీ అదే. 1728 ఫిబ్రవరి చివర్లో, పాల్‌ఖేడ్ దగ్గర, నీళ్లు దొరకని చోట నిజాం సైన్యాన్ని చుట్టుముట్టాడు. గింజ లోపలికి పోనివ్వలేదు. మార్చి 6న ముంగీ-శేవగావ్‌లో నిజాం ఒప్పందం మీద సంతకం చేశాడు: చౌత్ హక్కు ఒప్పుకున్నాడు, షాహూనే ఛత్రపతి అన్నాడు, శంభాజీకి మద్దతు వదిలేశాడు.

చూడండి నాన్నా, ఇది ఉల్మ్ కాదా? డెబ్భై ఏడేళ్ల ముందే జరిగిన ఉల్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో ఎల్ అలమీన్ గెలిచిన బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ కూడా యుద్ధాల చరిత్ర రాస్తూ పాల్‌ఖేడ్‌ను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. పదేళ్లకు భోపాల్ దగ్గర నిజాంను మళ్లీ ఇలాగే ఇరికించాడంటే ఇది అదృష్టం కాదు. 1740లో నలభై నిండకుండానే పోయాడు. మాస్కోలాంటి తప్పు ఆయన లెక్కలో నాకు ఒక్కటీ కనపడలేదు.

తమ్ముడి అలెగ్జాండర్ గురించి ఎక్కువ రాయను. గౌగమేలాలో పర్షియా మీద గెలుపు గొప్పదే. కానీ మన దేశం నుంచి తిరిగి వెళ్తూ గెడ్రోసియా ఎడారిలో సైన్యాన్ని దాహానికి అప్పగించాడు. నా కొలబద్దకు ఆ ఒక్కటి చాలు. వాడు రోమ్ శత్రువు హానిబాల్ పేరు తెచ్చినా నా మాట ఇదే. కన్నే యుద్ధం గెలిచి పదేళ్లకు పైగా ఇటలీలో తిరిగాడు, రోమ్‌ను మాత్రం పట్టుకోలేకపోయాడు.

పెదనాన్నకు మాత్రం నేను సగం ఓటు ఇవ్వాల్సిందే. భోజనాల బల్ల మీద చెంచాలు వరసగా పేర్చి మేఘనా నది అనీ, ఆవకాయ జాడీని ఢాకా అనీ ఆయన చూపించిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆశుగంజ్ వంతెనను పాకిస్తాన్ సైన్యం పేల్చేస్తే, సగత్ సింగ్ ఆగలేదు. 1971 డిసెంబర్ 9న హెలికాప్టర్లలో మనుషుల్ని నది అవతల దింపించాడు. ఢాకా పట్టుకొమ్మని ఆయనకు ఎవరూ చెప్పకపోయినా ఢాకా గడపలో నిలబడ్డాడు. వారం తిరిగేసరికి 93,000 మంది లొంగిపోయారు. కొన్నాళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో రేషన్లు మోయించిన మనిషి కాబట్టే పెదనాన్న ప్రతి సేనాపతి గురించీ "ఆ రోజు జవాను ఏం తిన్నాడు" అని అడుగుతారు. నా కొలబద్ద ఆయన దగ్గర నేర్చుకున్నదే.

నా వాదనకు నిజంగా అడ్డొచ్చేది మీరు ముగ్గురూ చెప్పని పేరు, సుబుతై. కమ్మరి కొడుకు, చెంఘిజ్ ఖాన్ సేనాని. 1241 ఏప్రిల్ 9న మంగోల్ సైన్యం ఒకటి పోలండ్‌లో లెగ్నీత్సా దగ్గర గెలిచింది. రెండు రోజులకు సుబుతై హంగరీలో మోహీ దగ్గర గెలిచాడు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు సైన్యాలను టెలిఫోన్ లేని కాలంలో అలా నడిపించడం తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నేర్పు ఒక్కటే చూస్తే ఆయన బాజీరావు కంటే ఒక మెట్టు పైనే. కానీ ఆ సైన్యాలు పోయిన దారిలో ఊళ్లకు ఊళ్లు శవాలయ్యాయి. లొంగినవాణ్ణి ఇంటికి పంపినవాడికే నా ఓటు.

ఇదే మాట నేను ఫోన్లో అంటుంటే అమ్మ వంటింట్లోంచి ఒక ప్రశ్న వేసింది, మీ అరుపుల్లో మీకు వినపడి ఉండదు. "ఆ గుర్రాలకు దాణా ఎక్కడిది?" అంది. సామాను లేకుండా తిరిగే సైన్యం తినేది రైతు గాదెలోదే. జాల్నా, ఖాందేశ్ పల్లెల్లో బాజీరావు సైన్యం పోయాక ఏం మిగిలింది? నెపోలియన్ సైన్యం కూడా ఈ ఉల్మ్ చుట్టుపక్కల పల్లెల్ని ఊడ్చుకునే వచ్చింది. సైనికుడి తిండి గురించి నేను ఇంత రాశాను, అది ఎవరి కంచంలోంచి వచ్చిందన్న లెక్క ఇందులో లేదు. ఆ లెక్క కలిపితే బాజీరావుకు మార్కులు తగ్గుతాయి. ఎన్ని తగ్గుతాయన్నది ఇంకా తేల్చుకోలేదు. అమ్మ లెక్కలో అందరికంటే తక్కువ నష్టం చేసిన సేనాపతి ఎవరో మీరూ పెదనాన్నా ఆలోచించి చెప్పండి. సగత్ సింగ్ సైన్యం మీద అక్కడి జనానికి కోపం లేదు కదా, పెదనాన్న ఆ వైపు నుంచి వాదిస్తే నేను నా ఓటు మార్చుకోవచ్చు కూడా.

తమ్ముణ్ణి ఒకసారి బండ్లగూడ మీదుగా కిస్మత్‌పూర్ వెళ్లి ఖ్వాజా ఆబిద్ సమాధి ఫొటోలు తీసి పంపమనండి. వచ్చే ఆదివారం మీ టైము సాయంత్రం ఆరింటికి చేస్తాను. వాడు గెడ్రోసియాకు జవాబు సిద్ధం చేసుకోవాలి. మీ బీపీ మాత్రలు అయిపోయాయని అమ్మ చెప్పింది, వెంటనే తెచ్చుకోండి.

మీ
పెద్దమ్మాయి