ఊదా బీన్స్ కోతకు వచ్చాయి

అందరికీ నమస్కారం. మన మడుల్లో ఊదా బీన్స్ కోతకు వచ్చాయి. ఆకుల చాటున దాక్కోకుండా దూరం నుంచే కనిపిస్తాయి కాబట్టి కోయడం సులువు. వండితే మాత్రం నిమిషాల్లో ఆకుపచ్చగా మారిపోతాయి, కంగారు పడకండి. ఆంథోసయనిన్ అనే ఆ రంగు వేడికి చెదిరి నీళ్లలో కలిసిపోతుంది, అడుగునున్న పచ్చదనం బయటపడుతుంది.

ఊదా క్యాబేజీ సంగతి వేరు. నిన్న నేను తరిగి మూకుడులో వేస్తే కాసేపటికి నీలంగా తిరిగింది. అర చెక్క నిమ్మకాయ పిండగానే ముక్క ముక్కా గులాబీ రంగుకు వచ్చింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం సంబరమే! వంట సోడా మాత్రం వేయకండి, రంగు పాడవుతుంది.

ఊదా క్యారెట్‌ చెక్కు తీయవద్దు, కొన్ని రకాల్లో రంగంతా పైపొరలోనే ఉంటుంది.

విత్తనాల కోసం కొన్ని బీన్స్ కాయలను తీగ మీదే ఎండనిస్తున్నాను. కావలసినవారు చెప్పండి.